గరిటె పెట్టని కూర

కెనడాలో చదువుకునే పిల్లలకు క్యారేజీలు కట్టే పని పెట్టుకుందామని నా దగ్గరికి సలహాకు వచ్చే అమ్మాయిలు ముందు డబ్బాల గురించి అడుగుతారు, తర్వాత ఇన్‌స్పెక్షన్ గురించి. ఆ రెండూ నాకు తెలియవు. మా మనవరాలు అనన్య చూసుకుంది. నాకు తెలిసింది పొయ్యి దగ్గరి సంగతి, తినేవాళ్ల సంగతి. అవే రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది కాబట్టి ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే మీరే సర్దుకుని చదువుకోండి. వంట మాత్రం సర్దుకుని తినమని నేను ఏనాడూ ఎవరినీ అనలేదు.

ఒక మాట ముందే చెప్తున్నాను. ఈ పనిలో కుళ్లు ఉంటుంది. పక్క పొయ్యి మీది కూర మీ కూర కంటే మంచి వాసన వస్తే కడుపులో ఏదో మెలిపెడుతుంది. అలా ఏమీ అనిపించనివాళ్లకు ఈ పని ఎందుకు, వేరే ఏదైనా చూసుకోండి. నాకు అనిపించింది. నెర్మిన్ అనే టర్కీ ఆవిడ వల్ల బాగా అనిపించింది. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి పని మానేసి కూర్చున్నాక కూడా ఆవిడ పేరు వింటే ఆ మెలిక ఒకసారి కదులుతుంది.

సరోజినమ్మ గారి బుద్ధి

ఖమ్మంలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తూ నా వయసంతా గడిచింది. అక్కడ వార్డెన్ సరోజినమ్మ గారు. కోపిష్టి మనిషి. పనివాళ్లకు రెండో టీ ఇవ్వాలంటే ఆమె ప్రాణం మీదికి వచ్చేది. ఆ విషయంలో నేను ఆమెను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఒక బుద్ధి చెప్పింది, దాన్ని కెనడా దాకా మోసుకొచ్చాను.

ఒకరోజు పిల్లలంతా "గోంగూర అదిరింది" అని నన్ను ఒకటే పొగుడుతున్నారు. నేను ఉబ్బిపోయి నిలబడ్డాను. సరోజినమ్మ గారు నా రెక్క పట్టుకుని ఎంగిలి తొట్టి దగ్గరికి లాక్కెళ్లింది.

"చూడు."

తొట్టి నిండా గోంగూర.

"వాళ్ల నోళ్లు మంచివి. ఇంట్లో పద్ధతిగా పెంచారు. నువ్వు మాత్రం నోళ్లు వినకు, పళ్లేలు చూడు" అంది.

ఆ రోజు నుంచి తిరిగొచ్చిన గిన్నె చూడకుండా కడగలేదు నేను. మీరు కూడా కడగొద్దు.

నాకు పారేయడం చేతకాదు. బీరకాయ చెక్కు పచ్చడవుతుంది, కొత్తిమీర కాడలు చారులోకి పోతాయి, క్యాబేజీ మోడు సన్నగా తరిగితే పప్పులో కలిసిపోతుంది. పిసినారి అన్నవాళ్లు ఉన్నారు. అననివ్వండి. వాళ్లు కూడా తిన్నారు ఆ పప్పు.

గ్వెల్ఫ్

మా అమ్మాయి మాధవి, అల్లుడు రిచ్‌మండ్ హిల్‌లో ఉంటారు. ఇద్దరివీ టొరంటోలో కంప్యూటర్ ఉద్యోగాలు. అనన్యను చూసుకోవడానికని నన్ను రప్పించారు. అనన్య పెరిగి గ్వెల్ఫ్‌లో యూనివర్సిటీలో చేరితే, పిల్లకు తిండి ఎవరు చూస్తారని నేనూ వెంట వచ్చేశాను. పైకి చెప్పిన కారణం అది. అసలు కారణం, రిచ్‌మండ్ హిల్ ఇంట్లో పొద్దున వాళ్లు వెళ్లాక నేను చేసే పని డ్రయ్యర్‌లోంచి బట్టలు తీసి మడతపెట్టి సాయంత్రం కోసం ఎదురుచూడ్డం. జీవితమంతా గంగాళాల్లో వండిన చెయ్యి అది. బనియన్లు మడతపెట్టమంటే ఎలా ఊరుకుంటుంది?

అప్పుడే మన పిల్లలు వరదలా వచ్చారు. తెలంగాణ నుంచి, ఆంధ్ర నుంచి, ఒక్కో బేస్‌మెంట్‌లో పరుపు పక్కన పరుపు వేసుకుని. కాలేజీ కొన్ని రోజులు, పార్ట్‌టైమ్ మిగతా రోజులు. అనన్య స్నేహితురాలికి ఒక డబ్బా కట్టిచ్చాను. ఆ పిల్ల రూమ్మేట్లు అడిగారు. పై వారానికి వీధి అడిగింది. ఇంట్లో వండి అమ్మకూడదన్నది ఇక్కడి రూలని అనన్య చెప్తే, ఒక చర్చి కింది హాల్లో ఉన్న వంటగదిని పొద్దునపూట అద్దెకు తీసుకున్నాం.

మాధవి ఒకటే షరతు పెట్టింది. "నడిచినన్నాళ్లు నడుపమ్మా. డల్ అయిందంటే మాత్రం ఇంటికి వచ్చెయ్. ఆ మోకాళ్లతో అక్కడ ఒక్కదానివి ఉండటం నాకిష్టం లేదు."

"డల్ అవదు" అన్నాను.

అంత ధీమాగా అన్నాను, ఎందుకంటే నెర్మిన్ అప్పటికి ఇంకా రాలేదు.

పక్క పొయ్యి

వంటగది పెద్దది కాబట్టి రెండో పొయ్యిని హాలువాళ్లు నెర్మిన్‌కు ఇచ్చారు. నాకంటే చిన్నది. నవ్వు మొహం. వచ్చిన మొదటి రోజే నన్ను "అబ్లా" అంది. వాళ్ల భాషలో అక్క అని. అడక్కుండానే చెల్లెలై కూర్చుంది. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒక ఇంగ్లీషు అయ్యేది, దాంతోనే నెట్టుకొచ్చాం.

ఆవిడ అంతకుముందు మాంట్రియల్‌లో ఒక ఫ్రెంచి కుటుంబంలో వంట చేసింది. అక్కడ రటటూయ్ అనే కూర నేర్చుకుంది. వంకాయ, కీరదోసలా ఉండే జుకీనీ, క్యాప్సికం, టమాటా వేసి చేసే ఇగురు. ఫ్రెంచి పద్ధతిలో దేనికది వేరుగా వేయించి చివర్లో కలుపుతారట, ఏవో ఎండు ఆకులు వేస్తారట. నెర్మిన్ దాన్ని తన ఇంటి దారికి తిప్పుకుంది. వంకాయకు చెక్కు ఒక చార తీసి ఒక చార ఉంచుతుంది, చూస్తే చారల బనియన్ వేసుకున్నట్టు ఉంటుంది. ఉప్పునీళ్లలో నానేసి పిండుతుంది. గిన్నెలో అన్నీ పచ్చివే వరుసలు పేరుస్తుంది. ఎర్ర మిరపకాయల్ని ఎండలో పెట్టి చేసిన ముద్ద వాళ్లకు ఉంటుంది, మన పండుమిర్చి పచ్చడికి కారం తగ్గించినట్టు, అది వేస్తుంది. చిటికెడు చక్కెర. ఆ తర్వాత ఆలివ్ నూనె! ఆవిడ ఆ నూనె వంచే తీరు చూస్తే నాకు గుండె దడ వచ్చేది. మూత పెట్టి సన్న సెగ మీద వదిలేస్తుంది. గరిటె పెట్టదు. ఒక్కసారి కూడా పెట్టదు. దించాక మూత తీయకుండా చల్లారబెట్టి, మర్నాడు చల్లగా తింటారు, పక్కన వెల్లుల్లి వేసిన పెరుగు, రొట్టె.

"అందరూ ఇలాగే చేస్తారా?" అని అడిగాను.

"ఇద్దరు ఒక్కలాగ చెయ్యరు అబ్లా. మా అక్క బంగాళాదుంప వేస్తుంది. మా అమ్మ బెండకాయ లేకపోతే ఒప్పుకోదు. మా అత్తగారు మాంసం వేసి, ఇదే కూర అంటుంది."

"ఫ్రెంచివాళ్లు ఏమంటారు?"

"వాళ్లను ఎవరు పిలిచారు?" అంది నవ్వుతూ.

ఆ నవ్వు బాగుంటుంది. అదే నా బాధ. నేను నవ్వుతూ డబ్బా ఇచ్చే రకం కాదు. డబ్బా ఇస్తూ "నిన్నటిది కడిగి తెచ్చావా, లేదా?" అని అడిగే రకం.

బండి పిల్లలు

నా డబ్బాల్లో సగానికి పైగా బండి పిల్లలవి. అంటే వాన్ అనే ఊళ్లో వేర్‌హౌస్‌లో పనిచేసే పిల్లలు, కలిసి ఒక బండిలో గ్వెల్ఫ్ నుంచి వెళ్లొచ్చేవాళ్లు. వాళ్లందరి తరఫునా డబ్బాలు తీసుకెళ్లేది జగిత్యాల పిల్ల సుప్రియ. నెమ్మదస్తురాలు. నా మెస్‌లో మొదట చేరినవాళ్లలో ఒకతి.

ఒక నెల చివర సుప్రియ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"అమ్మమ్మా, వచ్చే నెల నుంచి బండివాళ్లం నెర్మిన్ ఆంటీ దగ్గర తీసుకుందాం అనుకుంటున్నం."

"ఏం? నా కూరలో వెంట్రుక వచ్చిందా?"

"అయ్యో, గట్లేం లేదు అమ్మమ్మా. టైమింగ్ వల్ల. గంతే."

"టైమింగ్ ఏంటి? నేను ఎప్పుడైనా లేట్ చేశానా?"

"లేదు అమ్మమ్మా."

"మరి?"

డబ్బాలు ఎత్తుకుంది. వెళ్లిపోయింది. పోతుంటే నెర్మిన్ ఆ పిల్ల చేతిలో ఒక రొట్టె ముక్క పెట్టడం చూశాను. ఒళ్లు మండిపోయింది. నా దగ్గర పొట్ట నింపుకుని, నవ్వు కోసం అక్కడికి పోతారా అనుకున్నాను.

బండి పోతే మెస్ పోయినట్టే. మిగిలిన డబ్బాలతో వంటగది అద్దె కూడా గిట్టదు. మాధవి చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. నన్ను ఎక్కించుకుపోవడానికి అల్లుడు కారేసుకుని వచ్చేస్తాడు. బనియన్లు, డ్రయ్యరు, సాయంత్రం.

అందుకని ఆవిడ కూర నేనే చేసి చూపిస్తానని ఇంట్లో మొదలుపెట్టాను. చూసిందే కదా. చారలు తీశాను, ఉప్పునీళ్లలో వేశాను, పేర్చాను, మూత పెట్టాను. అంతవరకు బాగానే ఉంది. తర్వాత మూత కింద ఏం జరుగుతోందో తెలియక నాకు ప్రాణం నిలవలేదు. అడుగంటుతుందేమో. తీశాను, ఒకసారి కింద నుంచి పైకి కలిపాను. మళ్లీ తీశాను, మళ్లీ కలిపాను. మన వంటవాళ్లకు కూర పొయ్యి మీద ఉంటే చేతిలో గరిటె ఉండాల్సిందే, లేకపోతే ఏదో మర్చిపోయినట్టు ఉంటుంది. చివర్లో వెలితిగా కనిపిస్తే ఆవాలు, ఇంగువ వేసి తాలింపు కూడా పెట్టాను.

అనన్య చెంచాతో తీసుకుని చూసింది. "ఇది జామ్ అమ్మమ్మా."

ఖాళీ డబ్బా ఇవ్వడానికి వచ్చిన ఒంగోలు కుర్రాడు కిరణ్‌కు కూడా పెట్టాను. వాడూ బండి పిల్లవాడే. వాడి నోటికి తాళం ఉండదు.

"అమ్మమ్మోయ్, పచ్చడి మాత్రం సూపరు. ఇంతకీ కూరేది?"

"నోరు మూసుకుని తిను."

"మూసుకుంటే ఎట్టా తినేది?"

పార్కింగ్ లాట్‌లో

పళ్లేలు చూడమన్నారు సరోజినమ్మ గారు. నా పళ్లేలు వాన్ ఊళ్లో ఉన్నాయి, నా దగ్గరికి కడిగిన డబ్బాలే తిరిగొస్తాయి. ఆవిడ కూరను వీళ్లు ఎలా తింటారో ఈ కళ్లతో చూసి తీరాలని, కొత్త నెల మొదలయ్యాక ఒకరోజు నేనూ బండెక్కాను. సుప్రియ వద్దంది. కిరణ్ మాత్రం "రానీ, అమ్మమ్మ హైవే చూసినట్టు ఉంటుంది" అన్నాడు.

బయట చలి ఎముకల్లోకి దిగుతోంది. నేను బండిలోనే దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం బ్రేక్‌కి పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి బండిలో పడ్డారు. లోపల తినడానికి గది ఉందట, కానీ మైక్రోవేవ్ దగ్గర లైన్ ఎంత ఉంటుందంటే, దాంట్లో నిలబడితే డబ్బా వేడయ్యేసరికి బ్రేక్ అయిపోతుందట. అందుకని చల్లగానే తింటారు. ఒడిలో పెట్టుకుని, గ్లవ్స్ ఒక చేతికి ఉంచుకుని.

అందరూ నెర్మిన్ డబ్బాలు తెరిచారు. రొట్టెతో ఆ కూర తుడుచుకుని తింటున్నారు. కిరణ్ ఒక్కడు నా డబ్బా తీశాడు. బండి పిల్లల్లో వాడొక్కడే నా దగ్గర ఉండిపోయాడు. అన్నం చలికి గడ్డకట్టి రాళ్లలా ఉంది. వాడు చెంచాతో పొడిచాడు. విరగలేదు. ఇంకోసారి పొడిచి, విరిగిన పెళ్ల నోట్లో వేసుకుని నమిలాడు. కరకరమని నాకు వినిపించింది.

"రోజూ ఇలాగే తింటున్నావా?"

"అప్పుడప్పుడూ నమలకుండా మింగుతా."

"మరి చెప్పరేం రా మీరు? ఇన్నాళ్లు?"

అందరూ డబ్బాల్లోకి తలలు వంచారు. చివరికి సుప్రియ అంది: "నువ్వు తిడతవ్ అమ్మమ్మా."

నిజమే, తిడతాను.

సుప్రియ తన డబ్బా నా ముందు పెట్టింది. ఒక ముద్ద తిన్నాను. వంకాయ వెన్నలా జారింది, కానీ ముక్క ముక్కలాగే ఉంది. చల్లగా ఉన్నా నూనె పేరలేదు, తీపీ పులుపూ కారం మూడూ వరుసగా వచ్చాయి. చల్లగా తినడం కోసమే పుట్టిన కూర. నాకు అంత కుళ్లు ఇంకెప్పుడూ కలగలేదు. బాగాలేకపోయి ఉంటే ఎంత హాయిగా ఉండేది!

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది రాసుకోండి. మీ వంట పొయ్యి దగ్గర ఎలా ఉందన్నది మీ సంతోషం. తినేచోట ఎలా ఉందన్నదే వంట. హాస్టల్లో రెండూ ఒక గోడకు అటూ ఇటూ ఉండేవి, అందుకే నాకు తేడా తెలియలేదు. ఎక్కడ తింటారో వెళ్లి చూడండి. పిల్లలను అడిగితే లాభం లేదు, బాగుందనే అంటారు.

గంగాళం

నేను వెంటనే బండి పిల్లలకు దద్దోజనం కట్టాను, పాలు ఎక్కువ పోసి, గట్టిపడకుండా. "ఈ చలిలో దద్దోజనమా!" అని గోల. రెండోసారి ఎవరూ తీసుకోలేదు.

ఇంతలో పిల్లలు ఇంకా పెరిగారు. ఒక బండి రెండైంది, అందరూ నెర్మిన్ కూరే కావాలన్నారు. ఆవిడ సంతోషంతో పే...ద్ద గిన్నె కొనుక్కొచ్చింది. మన గంగాళం అంత. దాంట్లో అదే కూర, అదే పేర్పు, అదే మూత. మర్నాడు మూత తీస్తే పైన బాగుంది, కింద అంతా నలిగి నీళ్లూ గుజ్జూ. పై వరుసల బరువుకు కింది వంకాయ చచ్చిపోయింది. ఆవిడది ఇంటి వంట. ఇంటికి వండటం వేరు, మందికి వండటం వేరు.

నా పొయ్యి దగ్గర నుంచి చూస్తున్నాను. కారణం నాకు తెలుసు. నోరు మెదపలేదు. హాయిగా ఉంది, ఎందుకు దాచాలి? మర్నాడూ అంతే అయింది. ఆవిడ నవ్వు కాస్త తగ్గింది. అది కూడా హాయిగానే ఉంది.

వారం తిరక్కుండానే సుప్రియ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"అమ్మమ్మా, మళ్లీ నీ దగ్గరనే తీసుకుంటం."

గెలిచాను. ఆ మాట కోసమే ఎదురుచూశాను. కానీ "సరే" అనబోతుంటే కిరణ్ అన్నం పెళ్ల పొడిచే చప్పుడు చెవిలో పడ్డట్టయింది. ఇప్పుడు ఒప్పుకున్నా, వచ్చే నెలకి మళ్లీ గుమ్మం దగ్గర నిలబడుతుంది ఈ పిల్ల. అప్పుడు టైమింగ్ అని కూడా అనదు, ఇంకో ఊరి వంట చూసుకుంటారు. ఇలా గెలిచినా నిలబడను.

"రేపు చెప్తాను" అని పంపేశాను.

నెర్మిన్ గిన్నె అడుగు గీకుతోంది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"లోతు గిన్నెలో పెట్టకు" అన్నాను. "పల్చటి ట్రేల్లో పెట్టు. రెండు వరుసలే. అల్యూమినియం రేకు కప్పి ఓవెన్‌లో తొయ్యి. ఎన్ని ట్రేలైనా వండుకోవచ్చు, ఏదీ నలగదు."

ఆవిడ గీకడం ఆపింది. నా వైపు చూసింది. "ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసు అబ్లా?"

"మొదటి రోజు నుంచి."

కోప్పడుతుందనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది. "నేనైతే ఇంకో వారం ఆగేదాన్ని" అంది.

"నాకు ఆ కూర నేర్పు. సగం రోజులు నువ్వు వండు, సగం రోజులు నేను."

"దొంగచూపులు చూసి అంతా నేర్చుకున్నావుగా, ఇంకా ఏముంది నేర్పడానికి?"

"చెయ్యి ఆగట్లేదు."

అర్థమైంది ఆవిడకు. నా గరిటె లాక్కుని తన కోటు జేబులో పెట్టుకుంది. పిడి బయటికి కనిపిస్తోంది. ట్రేలు ఓవెన్‌లో ఉన్నంతసేపూ నేను ఆ పిడి వైపు చూస్తూ, చీర కొంగు మెలిపెడుతూ నిలబడ్డాను. రెండుసార్లు ఓవెన్ తలుపు దగ్గరికి వెళ్తే రెండుసార్లూ నా భుజం పట్టి వెనక్కి తిప్పింది. అంత కష్టమైన వంట నా జన్మలో చేయలేదు, ఎందుకంటే చేయడానికి ఏమీ లేదు.

ఆవిడ ఎర్ర ముద్ద బదులు నేను నా పండుమిర్చి పచ్చడి వేశాను. తాలింపు పెట్టనివ్వలేదు. నూనె దగ్గర మాత్రం నేను సీసా పట్టుకున్నాను. ఆవిడ వంచే దాంట్లో సగం. కూర ఏమీ చెడలేదు. ఆ మాట ఆవిడకు చెప్పాను, ఆవిడ విననట్టు ట్రేలు సర్దుకుంది.

చల్లారాక

అలా మెస్ నిలబడింది. బండి పిల్లల్ని రెండు పొయ్యిల మధ్య పంచుకున్నాం, నేను మాధవికి రావట్లేదని ఫోన్‌లో చెప్పేశాను. నా మోకాళ్లు వద్దనేదాకా ఆ వంటగదిలోనే ఉన్నాను. ఇది స్నేహం కథ అనుకుంటారేమో, కాదు. నెర్మిన్‌తో పని చేసినన్నాళ్లూ ఆవిడ డబ్బాలు నా డబ్బాల కంటే ముందు ఖాళీ అయ్యాయా అని చూస్తూనే ఉన్నాను. చూడబట్టే నా కూర రోజురోజుకీ మెరుగైంది. పక్కవాళ్ల మీద కుళ్లు ఉంటే వాళ్ల గిన్నెలోకి తొంగి చూడండి, వాళ్ల మీద పుకార్లు పుట్టించకండి. తొంగి చూస్తే వంట వస్తుంది.

నేను ఒక్కదాన్నే వండిన మొదటి ట్రే గురించి చెప్పి ఆపేస్తాను. మర్నాడు పొద్దున సుప్రియ డబ్బాల కోసం వచ్చింది. నేను ఒకటి మూత తీసి "ఇక్కడే తిను, వేడి చేయకుండా" అన్నాను. పక్కనే నెర్మిన్ చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది. ఆ పిల్ల రొట్టె తుంచి, ఒక ముక్క తీసుకుని, కళ్లు మూసుకుంది. తర్వాత ఇంకో ముక్క. తర్వాత డబ్బా వైపు వంగి గబగబా తిన్నది, అడుగు రొట్టెతో తుడిచేసింది. గిన్నె కడిగినట్టు ఉంది.

"అమ్మమ్మా, అచ్చం నెర్మిన్ ఆంటీ చేసినట్టే ఉంది!"

పిల్ల మెచ్చుకోవడానికే అంది. నేను డబ్బా మూత గట్టిగా నొక్కి పెట్టాను.

నెర్మిన్‌కు తెలుగు రాదు. తన పేరు మాత్రం వినిపించింది కదా, మొహం వెలిగిపోయింది. నా మోచేయి పట్టుకుంది.

"ఏమంది అబ్లా? నా గురించి ఏమంది?"

"ఉప్పు సరిపోయిందట" అన్నాను.